బీడని పిలుచుటకు ముందు

మన బళ్లారి సీమలో చైత్ర వైశాఖ మాసములయందు ఊరి వెలుపలికి పోయి నలుదిక్కులు చూచినవారు సాధారణముగా పలుకు మాట ఒకటి కలదు: "ఏమున్నది, అంతయు బీడు." ఈ మాట పలుకుటకు క్షణకాలము చాలును. కాని మాట పుట్టిన తరువాత దాని వెంట పనులు పుట్టును. బీడన్నచోట చెత్త పోయుదురు. బీడన్నచోట రాళ్లు పగులగొట్టుదురు. బీడన్న గోమాళమును అడుగువారు లేక పంచుకొందురు. అచ్చట ఏమి పెరుగుచున్నదో, ఏమి నివసించుచున్నదో విచారించు పని ఎవ్వరికిని ఉండదు. పేరు పెట్టినప్పుడే తీర్పు కూడ చెప్పబడినది గదా!

మెట్టనేల శూన్యము కాదని, దానిని శూన్యమని పిలుచుట చదువుకొన్నవారికి తగదని, మన పాఠశాల ఆవరణములోనే ఈ పొరపాటును దిద్దుకొనవచ్చునని చెప్పుట ఈ వ్యాసమునందలి నా ఉద్దేశము. మనకు సంవత్సరమునకు కురియు వాన సుమారు 500 నుండి 600 మిల్లీమీటర్లు. అదియు కొలది వారములలో కురిసి పోవును. తక్కిన నెలలన్నియు ఎండయే. అట్టి నేలలో ఒక మొక్క నిలిచి పచ్చగా ఉన్నదనగా అది ఏదో ఒక విద్య నేర్చియుండవలెను. ఆ విద్య యేమో తెలిసికొనక దానిని పిచ్చిమొక్క అనుట న్యాయము కాదు.

మొదట మొక్కకు గల కష్టమును తెలిసికొందము. మొక్క ఆహారము చేసికొనుటకు గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావలెను. ఆ వాయువు లోనికి వచ్చుటకు ఆకులమీదనున్న పత్రరంధ్రములు తెరువవలెను. కాని తలుపు తెరచినప్పుడు వాయువు లోనికి వచ్చుటయే కాక లోపలి నీరు ఆవిరియై బయటికి పోవును. సాధారణముగా మొక్క వేళ్లతో త్రాగిన నీటిలో నూటికి తొంబది పాళ్లకు మించి ఈ విధముగనే పోవుచున్నది. తలుపు మూసిన ఆకలి, తెరచిన దాహము. ఏటి యొడ్డున నున్న చెట్టుకు ఇది చింత కాదు. మెట్టచెట్టుకు మాత్రము ఇది ప్రాణసమస్య.

ఈ సమస్యకు మెట్టమొక్కలు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిష్కారము కనిపెట్టినవి. తుమ్మ, జమ్మి తమ ఆకులను చిన్న చిన్న రేకులుగా చీల్చుకొన్నవి. ఆకు చిన్నదైన కొలది ఎండకు తక్కువ కాగును. జమ్మి వేళ్లు చాల లోతునకు పోయి ఇతర చెట్లకు అందని తేమను అందుకొనును. అందుచేతనే తక్కిన చెట్లు మోడువారిన వేసవిలో జమ్మి చిగురించును. గన్నేరు తన పత్రరంధ్రములను ఆకు అడుగుభాగమున చిన్న గుంటలలో దాచి, ఆ గుంటలకు సన్నని నూగుతో తెర కట్టుకొన్నది. వడగాలి ఆ తెర దాటి రంధ్రమును తాకలేదు. జొన్న తన ఆకులపై మైనము వంటి తెల్లని పూత పూసికొని, ఎండ ముదిరినప్పుడు ఆకును చుట్టుకొని, ఎదుగుట ఆపి వేచియుండును. వాన పడినంతనే మరల ఎదుగ నారంభించును. పల్లేరు వంటి చిన్న మొక్కలు ఎండతో పోరాడనే పోరాడవు. వానలు పడిన కొలది వారములలో మొలిచి, పూచి, కాచి, గింజలను నేలకు అప్పగించి పోవును. ఎండకాలమంతయు అవి గింజ రూపమున నిద్రించును. మనము బీడని చూచు నేలలో రాబోవు శ్రావణమంతయు విత్తనములై పడియున్నదన్న మాట.

వీటన్నింటికంటె వింతయైనది రణపాల. మన పెరళ్లలో ఆకు పడినచోటనే పిల్లలు పుట్టించు ఈ మొక్కను ఎరుగని విద్యార్థి యుండడు. సుమారు రెండువందల సంవత్సరముల క్రిందట బెంజమిన్ హైనె అను వృక్షశాస్త్రజ్ఞుడు మన దేశమున ఉద్యోగము చేయుచుండెను. గోదావరి సీమలోని సామర్లకోటలో కుంపిణీవారు నడపిన వృక్షోద్యానమును కొంతకాలము ఆయన చూచెను. బెంగుళూరు లాల్‌బాగుతో కూడ ఆయనకు సంబంధము కలదు. ఆయన రణపాల ఆకును ఉదయమున నమలి చూడగా పుల్లగా నుండెను. మధ్యాహ్నమునకు ఆ పులుపు పోయెను. సాయంకాలమునకు కొంచెము చేదెక్కెను. ఈ సంగతిని ఆయన లండనులోని లిన్నేయన్ సంఘమునకు వ్రాయగా 1815లో అది అచ్చయ్యెను. దీని మర్మము పూర్తిగా తెలియుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. రణపాల పగలు తన పత్రరంధ్రములను మూసికొని, చల్లని రాత్రివేళ తెరచును. రాత్రి వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఒక ఆమ్లముగా మార్చి ఆకులో దాచును. అందుచే తెల్లవారుసరికి ఆకు పుల్లబడును. పగలు తలుపులు మూసియుంచి, దాచిన ఆమ్లము నుండి ఆ వాయువును విడదీసి, ఎండ వెలుగుతో ఆహారము చేసికొనును. కలబంద, నాగజెముడు, అనాస కూడ ఈ పద్ధతినే అనుసరించును.

విద్యార్థులారా, దీనికి ప్రయోగశాల అక్కరలేదు. తెల్లవారుజామున ఒక రణపాల ఆకును, సాయంకాలము ఆ మొక్కదే మరియొక ఆకును కోసి, వేరు వేరుగా నూరి, రసములో ఆమ్లమును కొలుచు రంగుకాగితము ముంచి చూడుడు. రెండు కాగితముల రంగులలో కనబడు భేదమే రాత్రి మొక్క చేసిన పనికి లెక్క. నోటితో రుచి చూచు పని మాత్రము పెట్టుకొనకుడు. ప్రపంచ వృక్షశాస్త్రమున ఒక ముఖ్యమైన అధ్యాయమునకు మొదటి వాక్యము మన దేశపు తోటలో పెరిగిన మొక్కను చూచి వ్రాయబడినది. ఆ మొక్క మన గోడ ప్రక్కన నున్నది. మనమో, ఎడారి మొక్కల పాఠము చెప్పుకొనునపుడు సహారాను, ఒంటెను తలచుకొని, పుస్తకము మూసి ఇంటికి పోవుచున్నాము.

ఇక జెముళ్ల సంగతి. నాగజెముడును, బొంతజెముడును ప్రక్కప్రక్కన చూచినవారు రెండును ఒకే కుటుంబమువి అనుకొందురు. రెండింటికిని ఆకులు లేనట్లే యుండును; రెండింటి కాండములును పచ్చగా, దళసరిగా నీటిని నిలువచేసికొనును; రెండింటికిని ముండ్లు కలవు. కాని బొంతజెముడును గిచ్చిన తెల్లని పాలు కారును, నాగజెముడును కోసిన పాలు రావు. నాగజెముడు అమెరికా ఖండమునుండి వచ్చినది. బొంతజెముడు ఈ దేశపు మొక్క, ఆముదమునకు దూరపు చుట్టము. సముద్రముల కావల ఒకటి, ఈవల ఒకటి, ఎండ అను ఒకే గురువు వద్ద పాఠము నేర్చి, ఒకే రూపము దాల్చినవి. పుట్టుక వేరైనను కష్టము ఒకటియైనపుడు ఉపాయము కూడ ఒకటియగునని ప్రకృతి ఇచ్చట చూపుచున్నది. ఈ పాలు కంట పడిన మిక్కిలి ప్రమాదము గనుక చిన్నపిల్లలు తాకరాదు. పెద్దలు కోసి చూపగా చూచిన చాలును.

మన భాషకు గర్వకారణమైన ఒక సంగతిని ఇచ్చట చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో నుండి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించి, చిత్రములు వ్రాయించి, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. దాని మొదటి సంపుటము 1795లో వెలువడ నారంభించెను. ఆయన మొక్కలకు శాస్త్రనామముతోపాటు తెలుగువారు పిలుచు పేరును కూడ వ్రాసియుంచెను. ఎండిన గుట్టలలో, ముండ్లపొదల నీడలో పెరుగు ఒక రసభరితమైన మొక్కకు తెలుగువారు చెప్పిన పేరు "కార్ అల్లము" అని ఆయన వ్రాసికొనెను. ఆకులు లేక, పలకలు తేరిన పచ్చని కాడలతో నిలుచు మొక్క యిది. ఆకలి కాలములో ప్రజలు దీనిని తినెడివారు. 1810 ప్రాంతమున రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు ఆ తెలుగు పేరునుండియే "కారల్లుమ" అను ప్రజాతి నామమును చేసెను. ఆఫ్రికాలో, అరేబియాలో, మన దేశములో పెరుగు ఎన్నియో మెట్టమొక్కలు ఆ పేరుతో శాస్త్రగ్రంథములలో నిలిచినవి. ఆ పేరును రాక్స్‌బర్గునకు చెప్పినది ఏ పండితుడో కాకపోవచ్చును. గొఱ్ఱెలు కాచువాడో, కట్టెలు కొట్టు స్త్రీయో యైయుండును. వారు ఆ నేలను బీడని తలచియుండినచో అందలి మొక్కకు పేరు పెట్టియే యుండరు. పేరు పెట్టుట అనగా గుర్తించుట. నేడు మన పిల్లలలో ఎందరికి ఆ మొక్క తెలియును?

మొక్కలవలెనే జంతువులును ఈ నేలకు తగిన బ్రతుకు నేర్చినవి. తొలకరి పడగానే ఎఱ్ఱని మకమలు గుండీలవలె నేలపై ప్రాకు ఆరుద్రపురుగును చూడని బాలుడుండడు. అది ఆకాశమునుండి వానతో పడినది కాదు. సంవత్సరములో ఎక్కువకాలము నేల లోపలనే యుండి, తడి తగిలినపుడు పైకి వచ్చుచున్నది. అట్లే కొన్ని కప్పలు వెనుకకాళ్లతో మన్ను త్రవ్వుకొనుచు వెనుకకు నడచి నేలలో దిగి, వానల వరకు అచటనే తలదాచుకొనును. నత్త తన గుల్ల నోటికి మూత వేసికొని రాతి సందున అంటుకొని వేసవి గడపును. రాళ్లమీద, చెట్టు బెరళ్లమీద పెరుగు రాతిపువ్వును మన తల్లులు మసాలాలో వేయుదురు. అది పువ్వు కాదు. బూజుజాతి జీవి యొకటి, పాచిజాతి జీవి యొకటి కలిసి చేసిన కాపురము. ఎండలో కరకరలాడునట్లు ఎండిపోయియు చావదు. మంచు తగిలినంత మాత్రమున మరల పనిలో ప్రవేశించును. సంజీవని అను పేరుతో సంతలలో అమ్ము ఎండిన ముద్దవంటి మొక్కయు నట్టిదే. నీటిలో వేసిన కొన్ని గంటలలో విచ్చుకొని పచ్చబడును. మృతమని తలచినది మృతము కాదు, వేచియున్నది అని ఈ జీవులు మనకు బోధించుచున్నవి.

ఇంత జీవము గల నేల నేడు ఏ స్థితిలో నున్నది? మన దేశమున బంజరు భూములను గూర్చి ప్రభుత్వమువారు పటములతో కూడిన గ్రంథమును ఎప్పటికప్పుడు ప్రకటించుచున్నారు. 2019లో కూడ ఒక కూర్పు వెలువడినది. అందు పొదలు గల భూమి, పలుచని పచ్చికబయలు కూడ బంజరులోనే లెక్కింపబడినవి. లెక్కలు కట్టువారికి ఏదో ఒక పట్టిక కావలెను, అది నిజమే. కాని పట్టికలో బంజరు అని ఒకసారి వ్రాయబడిన తరువాత, "ఏమియు లేనిచోట ఏది చేసినను లాభమే గదా" అను తలంపు సులభముగా కలుగును. ఆ తలంపు వలన నష్టపోయినవారిని ఇద్దరిని చూపెదను.

మొదటిది బట్టమేక పక్షి. మనిషి నడుము దాటిన ఎత్తుతో, పదిహేను కిలోగ్రాముల వరకు బరువుతో, ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నొకటిగా పేరొందిన ఈ పక్షి చెట్లమీద వ్రాలదు. పొట్టి గడ్డి గల బయళ్లలో తిరుగుచు నేలమీదనే సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. జాతీయపక్షిని ఎన్నుకొనునపుడు దీని పేరును సాలిం ఆలీ సూచించిరి; 1963లో ఆ గౌరవము నెమలికి దక్కెను. నేడు దేశమంతట అడవిలో మిగిలినవి సుమారు 150 అని అంచనా. మన సిరిగుప్ప నల్లరేగడి పొలములలో ఇటీవల కనబడినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. కర్నూలు సీమలో రోళ్లపాడు వద్ద 1988లో దీని కొరకు అభయారణ్యము ఏర్పడినను, ఇప్పుడు అచట కూడ ఆ పక్షి దర్శనము దుర్లభమైనది. గడ్డిబయళ్లను దున్నుట, కుక్కలు గ్రుడ్లు తినుట, ఎదుటి తీగెను వెంటనే కనిపెట్టలేని ఈ బరువైన పక్షి విద్యుత్తు తీగెలకు తగిలి చచ్చుట, ఇవన్నియు కారణములే. వీటన్నింటి వెనుక నున్న కారణము మాత్రము గడ్డిబయలు ఒక నివాసమని మనము ఒప్పుకొనకపోవుటయే. అడవిని నరికిన చూచువారు అయ్యో అందురు. గడ్డిబయలును చెరచిన "బాగుచేసిరి" అందురు.

రెండవ ఉదాహరణము ఇందుకు భిన్నమైనది. బళ్లారి ప్రాంతమున దరోజి గుట్టలు చూచుటకు బండరాళ్లును, ముండ్లపొదలును తప్ప వేరు లేనట్టివి. కాని ఆ రాతి గుహలే ఎలుగుబంట్ల ఇండ్లు. ఆ పొదల పండ్లే వాటి భోజనము. 1994లో ఆ గుట్టలను ఎలుగుబంట్ల అభయారణ్యముగా ప్రకటించిరి. నేల మారలేదు, రాయి మారలేదు. దానిని చూచు దృష్టి మాత్రమే మారెను. ఆ మార్పు వలన ఒక జాతికి నిలువ నీడ దొరకెను. సకాలమున పేరు మార్చుట ఎంత మేలు చేయునో దీనివలన తెలియుచున్నది.

అయితే ఎండకు తాళు ప్రతి మొక్కయు మనకు మిత్రమేనా? కాదు. ఈ సంగతిని దాచుట ధర్మము కాదు. సర్కారు తుమ్మ అమెరికా ఖండమునుండి తేబడినది. మెట్టలో వంటచెరకు దొరకునని 1870ల దశకము నుండి దీనిని మన దేశమున నాటించిరి. కన్నడిగులు దీనిని బళ్లారి జాలి అందురు. పరదేశపు మొక్కకు మన ఊరి పేరు అంటుకొన్నది! దీని బొగ్గు అమ్మి బ్రతుకు బీదలు కలరు, దీని కాయలు మేకలకు మేత యగుచున్నవి, నిజమే. కాని మేకల కడుపులో ప్రయాణించి అది చెరువు గర్భములలో, గోమాళములలో అల్లుకొని, తన క్రింద గడ్డిని గాని మరియొక మొక్కను గాని సులభముగా బ్రతుకనీయదు. నాగజెముడు కూడ ఒకప్పుడు ఇట్లే దక్షిణదేశమంతట దారులు మూసివేయగా, 1920ల దశకమున సింహళము నుండి తెచ్చిన ఒక పురుగు దానిని తిని అదుపులో పెట్టెను. కనుక "ఎండకు తాళునా?" అను ప్రశ్న ఒక్కటియే చాలదు. "ఇతరులను బ్రతుకనిచ్చునా?" అను ప్రశ్న కూడ అడుగవలెను. తంగేడు, రేగు, జమ్మి, నల్లతుమ్మ ఈ రెండు పరీక్షలలోను నెగ్గినవి. వాటి నీడలో గడ్డి మొలచును, వాటి పూలపై తేనెటీగలు వ్రాలును.

తలిదండ్రులలో కొందరు ఇట్లు అడుగవచ్చును: "పక్షుల కొరకు, పొదల కొరకు మనుష్యులు ఎండవలెనా? నీరు వచ్చినచోట బంగారము పండుట మేము చూడలేదా?" ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. తుంగభద్ర కాలువలకు 1953లో నీరు వదలిన తరువాత మన సీమలో ఎన్ని కుటుంబములు నిలదొక్కుకొన్నవో అందరికిని తెలియును. కాలువ చెడ్డదని నేను చెప్పను. కాని కాలువ అందరికి రాదు, ఎల్లకాలము ఒక్కరీతిగ రాదు. మొదట 133 శతకోటి ఘనపుటడుగులు పట్టిన జలాశయము పూడిక వలన ఇప్పుడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. 2024 ఆగష్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొని పోయినపుడు ఎంతటి ఆందోళన కలిగెనో విద్యార్థులే చూచిరి. ఒక్క ఇనుపగొలుసును నమ్మి యావత్తు సీమ వరిని నమ్ముకొనుట కంటె, జొన్న, కొఱ్ఱ, సజ్జ, ఉలవ వంటి తక్కువ నీటి పంటల విద్యను కూడ చేతిలో ఉంచుకొనుట వివేకము. జొన్న, కొఱ్ఱ, సజ్జల ఆకులలో బొగ్గుపులుసు వాయువును ఒకచోట కూర్చు ఒక ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. అందుచే అవి తక్కువ నీటిని పోగొట్టుకొని ఎక్కువ ఆహారము చేయగలవు. మన తాతలు వీటిని ఎన్నుకొన్నది బీదరికము వలన మాత్రమే కాదు, ఎరుక వలన కూడ.

మనకు దక్షిణమున, తెలుగు మాటలాడువారు విస్తారముగా నున్న పావగడ తాలూకాలో, సుమారు 13,000 ఎకరముల మెట్టభూమిలో 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము 2019 చివరకు పూర్తియయ్యెను. భూమిని కొనక రైతులనుండి కౌలుకు తీసికొనిరి. ఎండను కూడ ఒక పంటగా మార్చు ఈ పని గొప్పదే. విద్యుత్తు లేనిదే మన దీపము వెలుగదు. నేను కోరునది దానిని ఆపుమని కాదు. అట్టి పని తలపెట్టునపుడు ఆ నేలలో మేసెడి పశువులెన్ని, గ్రుడ్లు పెట్టు పక్షులెన్ని, మందులకు పనికివచ్చు మొక్కలెన్ని అని ముందుగా లెక్క వ్రాయుమని. లెక్క వ్రాయుటకు ఆ జీవుల పేర్లు తెలిసినవారు ఊరిలో ఉండవలెను. పేర్లు తెలిసిన తరము గడచిపోవుచున్నది. ఆ లెక్క వ్రాయు గుమాస్తాలు నేటి విద్యార్థులే కావలెను.

కనుక నా సూచన యిది. మన పాఠశాల ఆవరణమున వాయవ్యపు మూలనున్న రాతినేలను చదునుచేసి పచ్చిక పరచవలెనని కొందరు పెద్దలు సదుద్దేశముతో చెప్పుచున్నారు. అట్టి పచ్చికకు దినదినము నీరు పోయవలెను. వేసవిలో త్రాగుటకే నీటి బండి కొరకు ఎదురుచూచు ఊరిలో అది తగునా? దానికి బదులు ఆ మూలను మెట్టతోటగా ఉంచుదము. అచట ఇప్పటికే తంగేడు, రేగు ఉన్నవి. జమ్మి, కలబంద, రణపాల, ఆముదము చేర్చుదము. సర్కారు తుమ్మ మొలచినపుడు మాత్రము వేరుతో పెరుకుదము. ఒక్కొక్క మొక్క ప్రక్కన ఒక పలక నాటి, తెలుగు పేరు, కన్నడపు పేరు, శాస్త్రనామము మూడును వ్రాయుదము. వేప ప్రక్కన బేవు అనియు, జమ్మి ప్రక్కన బన్ని అనియు వ్రాసినపుడు, దసరాకు రెండు భాషలవారును ఒకే చెట్టు ఆకును పంచుకొనుచున్నామని పిల్లలకు తెలియును. పేరు రెండైనను వేరు ఒకటియే.

ప్రతి తరగతివారును ఒక పుస్తకము ఉంచవలెను. ఏ దినమున ఎంత వాన పడెనో, జమ్మి ఎప్పుడు చిగురించెనో, తంగేడు ఎప్పుడు పూచెనో, ఆరుద్రపురుగు మొదట ఎప్పుడు కనబడెనో అందు వ్రాయవలెను. పది సంవత్సరములు విడువక వ్రాసిన ఆ పుస్తకము మన ఊరి వాతావరణమునకు సాక్ష్యమగును. ఇంటికి పోయి అవ్వను, తాతను అడిగి, గుట్టలోని మొక్కల పేర్లు, వాని ఉపయోగములు వ్రాసి తెచ్చుట విద్యార్థుల పని. పొలము పనికే జీవితము గడపి, పలక పట్టని తాత ఆ విషయమున మనకు ఉపాధ్యాయుడు కావలెను. చెప్పుటకు తమవద్ద ఏమియు లేదని తలచు ఎందరో తలిదండ్రులు అట్లు తమ పిల్లల చదువులో పాలుపంచుకొందురు.

పాములు వచ్చునని, ముండ్లు గుచ్చుకొనునని భయపడువారికి సమాధానము కలదు. నడచుటకు వెడల్పయిన బాట, దానికి ఇరుప్రక్కల తెల్లని రాళ్లు, కాళ్లకు చెప్పులు, వెంట ఒక ఉపాధ్యాయుడు ఉండవలెను. పాలు కారు జెముడును, విషము గల గన్నేరును చిన్న తరగతుల పిల్లలకు అందని చోట, కంచె లోపల నాటవలెను. అందము లేదనువారు ఆశ్వయుజమున తంగేడు పూచినపుడు ఒకసారి వచ్చి చూడవలెను.

ఏ చెట్టును లేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షమని మనము ఎగతాళిగా అనుకొందుము. ఈ సామెతలో ఆముదమునకు అన్యాయము జరిగినది. మఱ్ఱి బ్రతుకలేని వట్టినేలలో నిలిచి, నూనె యిచ్చి, మన పూర్వుల ఇండ్లలో దీపము వెలిగించినది ఆ చెట్టే గదా! పెద్దది కాకపోవుట దాని లోపము కాదు, ఉన్న నీటికి తగినంత పెరుగుట దాని తెలివి.

విద్యార్థులారా, మన చుట్టునున్న నేల మనలను అడుగునది నీరు కాదు, తోట కాదు, కొంచెము చూపు. వచ్చే జ్యేష్ఠమున బడి తెరచిన మొదటి వారములో మెట్టతోట విషయము పాఠశాల సంఘము ముందు పెట్టబడునని తెలియుచున్నది. తలిదండ్రులు ఆ సమావేశమునకు తప్పక రావలెనని, వచ్చుటకు ముందు ఒకసారి ఆ మూలకు పోయి అచట నున్న మొక్కల పేర్లు తమ పిల్లలకు చెప్పవలెనని నా ప్రార్థన. ఎన్ని పేర్లు చెప్పగలిగితిరో లెక్కించిన పిమ్మట, అది బీడో కాదో మీరే నిర్ణయింపుడు.